కొత్తావిడ వదిలేసిన లైను

మార్చి 3, ఆదివారం

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పరాయి ఆఫీసుల లెక్కలు తనిఖీ చేశాను. రిటైరయ్యాక ఇంటి లెక్కలు చూసుకుంటున్నాను. మనసులో మాట రాసుకునే అలవాటు మాత్రం ఎప్పుడూ లేదు. అది పనీపాటా లేనివాళ్ళ వ్యవహారం అనుకునేదాన్ని. ఇవాళ మొదలుపెట్టడానికి కారణం ఉంది. పొద్దున మా వాడు ఒక మాట అడిగాడు. నెలాఖరు ఆదివారం జవాబు చెబుతానన్నాను. ఈలోగా పైకి ఆలోచిస్తే ఇల్లంతా వినబడుతుంది. ఇలాంటివి చెప్పుకోవడానికి నాకు మా కోడలు ఉండేది. ఆమె పోయి ఆరేళ్ళు. ఉండి ఉంటే ఈ మాటే వచ్చేది కాదు.

మా వాడు లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు. మాట్లాడటం కూడా లిఫ్టులాగే. అంతస్తు అంతస్తుకీ ఆగుతాడు.

"అమ్మా."

"ఊఁ."

"పళ్ళ డాక్టరు గారు..."

"ఏం, పన్ను నొప్పా?"

"కాదు. నేనూ, ఆవిడా..."

"ఊఁ."

"పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం. నువ్వూ పిల్లా సరేనంటేనే. మీ ఇద్దరిలో ఎవరు వద్దన్నా ఇంక ఈ మాట ఎత్తను."

అనేసి, ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కానే తీసి మళ్ళీ ఇస్త్రీ చేశాడు.

ఈ పళ్ళ డాక్టరు మా ముందుగదిలో దిగబడి రెండేళ్ళయింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కడ తుప్పు సంఘం కూడుతుంది. తుప్పు అనేది ఒక రాక్ బ్యాండు. తమకు తామే తుప్పు అని పేరు పెట్టుకున్న మనుషుల నుంచి ఏం ఆశిస్తాం? మా వాడూ కోడలూ పెళ్ళికి ముందే ఆ బ్యాండు గురించి కొట్టుకుని, కొట్టుకోవడానికి వీలుగా ఉంటుందని సంఘం పెట్టి, ఇంకా వీలుగా ఉంటుందని పెళ్ళి చేసుకున్నారు. రికార్డులన్నీ మా ఇంట్లో ఉండటంతో సంఘం కూడా మా ఇంట్లోనే పాతుకుపోయింది.

నాకు అర్థమైనంతలో గొడవ ఇది. తుప్పులో మొదటి మూడు ఆల్బాలూ ఒకావిడ పాడింది. తర్వాత అంతా వదిలేసి ఎక్కడో కొండల్లో తేనెటీగలు పెంచుకుంటోంది. అందుకని సంఘంలో ఆమె పేరు తేనెటీగలావిడ. ఆమె స్థానంలో వచ్చిన గాయని ఇరవై రెండేళ్ళుగా పాడుతోంది, ఇంకో ఆరు ఆల్బాలు చేసింది, జుట్టు కూడా నెరిసింది. అయినా సంఘంలో ఆమె పేరు కొత్తావిడే. ఇది చిత్రమేమీ కాదు. మా అత్తగారు నన్ను "కొత్తమ్మాయి" అని పిలవడం మానేసరికి నా కొడుకు కాలేజీలో ఉన్నాడు.

మా కోడలిది తేనెటీగలావిడ పక్షం. డాక్టరుది కొత్తావిడ పక్షం. వచ్చిన మొదటి ఆదివారమే, "కొత్తావిడే అసలు తుప్పు" అని మా గదిలో, మా రికార్డుల ముందు, మా టీ తాగుతూ అంది. మా వాడు నెలరోజులు ఆవిడతో వాదించాడు. తర్వాత వాదించడం తగ్గించాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నిష్పక్షపాతంగా ఆవిడ లోపాలు రాస్తున్నాను. గట్టిగా నవ్వుతుంది. ఎవరు నోరు తెరిచినా పళ్ళు చూస్తుంది. అన్నిటికన్నా వింత, ఇంత చదువుకున్న మనిషి నేల మీద కూర్చుంటుంది. రికార్డు ప్లేయరు పక్కన కోడలి పేము కుర్చీ ఉంది. సంఘంలో టైలరు కూర్చుంటాడు, డ్రైవింగ్ స్కూలాయన కూర్చుంటాడు, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు కూడా కూర్చుంటాడు. ఈవిడకు మాత్రం నేలే కావాలి. పద్ధతి తెలియదు.

(నేనూ అందులో కూర్చోను. ఆ కుర్చీ ఎత్తు నా మోకాళ్ళకు పడదు.)

మార్చి 5, మంగళవారం

మా వాడు పిల్లకు చెప్పేశాడు. తన పని చోట లిఫ్టులోకి తీసుకెళ్ళి, పై అంతస్తుకీ కిందికీ నాలుగు సార్లు తిప్పి, అప్పుడు చెప్పాడట.

పిల్లకు పదిహేనేళ్ళు. ఇంట్లో పేరు పిడుగు. వచ్చీ రాగానే బ్యాగు విసిరేసి, "నానమ్మా, అద్దె గొంతుని ఇంట్లోకి తెస్తున్నారు" అంది.

"మనిషి గురించి చెబుతున్నావా, గాయని గురించా?"

"ఇద్దరి గురించీ."

తలుపు వేసుకుని మొదటి ఆల్బం పెట్టింది. అల్మారాలో గ్లాసులు కూడా పాడాయి.

మార్చి 10, ఆదివారం

సంఘంలో ఇవాళ యుద్ధం.

వచ్చే నెల ఇరవయ్యో తేదీన తుప్పు కచేరీ ఉందట, పక్క ఊరి స్టేడియంలో. సంఘం బ్యానరు పట్టుకుని వెళ్ళాలా, బహిష్కరించాలా అన్నది సమస్య. వాన రాకముందే గొడుగు కోసం తన్నుకోవడం వీళ్ళకు మామూలే.

సంఘం అధ్యక్షుడు టైలరు. మనిషి భారీ, గొంతు సన్నం. "నేను బతికుండగా మన బ్యానరు కొత్తావిడ ముందు లేవదు" అన్నాడు.

"నువ్వు పట్టుకోకు, నేను పట్టుకుంటా" అని డ్రైవింగ్ స్కూలాయన. ఆయనకు గాయనులతో పని లేదు. బ్యాండులో మొదటి నుంచీ మారకుండా ఉన్నది డ్రమ్ములు వాయించే ఆయన ఒక్కడే, సంఘంలో ఆయన్ని తాత అంటారు. ఈయనకు తాతే తుప్పు. పాట వింటున్నంతసేపూ కుడికాలితో లేని బ్రేకు తొక్కుతుంటాడు.

"ఆమె ఆ లైను పాడగలదా? అది చెప్పండి ముందు!" అని టైలరు.

ఆ లైను సంగతి ఇక్కడ రాయాలి. 'ఆఖరి బస్సు' అని మొదటి ఆల్బంలో పాట. చివర్లో తేనెటీగలావిడ గొంతు ఆకాశానికి ఎత్తి ఒక్క లైను పాడుతుంది: *నేను రాకపోతే భోంచేసెయ్*. రాక్ సంగీతం మొత్తంలో నాకు అర్థమైన మొదటి వివేకవంతమైన వాక్యం అదే. మా కోడలు వాతావరణ కేంద్రంలో పనిచేసేది. తుఫాను సూచన ఉంటే ఇంటికి ఎప్పుడొస్తుందో ఆమెకే తెలిసేది కాదు. ఫోన్ చేసి హలో అనేది కాదు. ఆ లైను పాడి పెట్టేసేది. మేం కంచాలు పెట్టుకునేవాళ్ళం.

కచేరీల్లో కొత్తావిడ ఈ పాట పాడుతుంది గానీ ఆ లైను పాడదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ పాడలేదు. ఆ చోటు రాగానే మైకు జనం వైపు తిప్పేస్తుంది. జనం పాడతారు.

"అందదు కాబట్టి!" అని టైలరు.

"వదిలేస్తోంది. అందక కాదు" అని డాక్టరు, నేల మీంచి.

"అందదు!" అని మా పిడుగు.

అరగంట ఇదే. చివరికి టైలరు, "తీర్పు చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలి. మన సంగీతం అంటే బొత్తిగా ఇష్టం లేని మనిషి అయితేనే న్యాయం జరుగుతుంది" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను బఠాణీలు ఒలుస్తున్నాను.

"నాకు మీ గోలంతా ఒకేలా వినబడుతుంది" అన్నాను.

"అదే కావాలి మేడమ్!" అని అందరూ చప్పట్లు.

వాదం ముప్పై ఒకటో తేదీన. కొత్తావిడతో ఉన్న తుప్పు అసలు తుప్పేనా, కాదా. అవునంటే సంఘం బ్యానరుతో వెళ్తుంది.

అందరూ వెళ్ళాక పిడుగు నా పక్కన చేరింది. "నానమ్మా, నువ్వు అబద్ధం చెప్పవు. నువ్వు కొత్తావిడ తుప్పే అంటే డాక్టరాంటీ ఈ ఇంటికి రావచ్చు. కాదంటే రాకూడదు. నాన్నకి చెప్పేశా. సరేనన్నాడు."

"పెళ్ళికీ పాటకీ సంబంధం ఏమిటే?"

"మనింట్లో ఎప్పుడు లేదు?"

మా ఇంటి పెళ్ళి మా ఇంట్లోవాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరూ ఇలా తేల్చుకోరు.

మార్చి 11, సోమవారం

వినకుండా తీర్పు చెప్పడం నాకు చేతకాదు. ఓచర్లు చూడకుండా సంతకం పెట్టిన రోజు నా సర్వీసులో లేదు. తొమ్మిది ఆల్బాలూ వరసగా వింటాను. పిడుగు స్కూలుకీ మా వాడు పనికీ వెళ్ళాక.

మొదటి ఆల్బం విన్నాను. తలనొప్పి.

మార్చి 12, మంగళవారం

రెండో ఆల్బం. తలనొప్పి తక్కువగా ఉంది. మాత్ర వేసుకున్నందువల్ల కావచ్చు. వేసుకున్నట్టు గుర్తు లేదు.

మార్చి 14, గురువారం

పాలు పొంగిపోయాయి. మూడో ఆల్బం.

మార్చి 15, శుక్రవారం

పాలు మళ్ళీ పొంగాయి. అదే పాట. తనిఖీ కోసమే మళ్ళీ విన్నాను.

మార్చి 16, శనివారం

నాలుగో ఆల్బం. కొత్తావిడ మొదటి ఆల్బం ఇది. గొంతులో కొంచెం వణుకు ఉంది. పరాయి వంటగదిలో గరిటె ఎక్కడుందో అడగలేక వెతుక్కుంటున్న మనిషిలా పాడింది. పెళ్ళయిన కొత్తలో నేను ఉప్పు డబ్బా కోసం మా అత్తగారి వంటగది అంతా తడుముకున్నాను. ఆవిడ చూస్తూ నిలబడింది గానీ చెప్పలేదు.

ఈ మాటలు తీర్పులో రావు.

మార్చి 17, ఆదివారం

సంఘం వచ్చింది. వాదానికి నియమాలు చదివాను. ఒకరి తర్వాత ఒకరు. మధ్యలో అరవకూడదు. బల్ల గుద్దకూడదు, అది మా పుట్టింటి బల్ల. వాదించేటప్పుడు ఏ రికార్డూ వాయించకూడదు.

"వాయించకపోతే ఎట్లా మేడమ్? సాక్ష్యం అదే కదా!" అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన.

"ఐదో ఆల్బం రెండో వైపు మూడో పాటలో మీ తాత ఒక దెబ్బ తప్పాడు. అది కూడా వాయించమంటారా?"

డ్రైవింగ్ స్కూలాయన కాలు బ్రేకు మీదే ఆగిపోయింది. తర్వాత డాక్టరు ఆ గట్టి నవ్వు నవ్వింది. ఇవాళ ఆ నవ్వు అంత గట్టిగా అనిపించలేదు.

మార్చి 18, సోమవారం

ఆరో ఆల్బం విన్నాను. దీని గురించి ఏమీ రాయను. పాలు పొంగలేదు.

మార్చి 19, మంగళవారం

మెట్లు ఎక్కుతూ నేను తాళం వేస్తున్నానని పిడుగు ఆరోపణ. మోకాళ్ళ నొప్పితో ఆగి ఆగి ఎక్కాను. అంతే.

మార్చి 21, గురువారం

ఏడో ఆల్బంలో తాత డ్రమ్ములు జోరు మీదున్నప్పుడు నేను పళ్ళు బిగించాను కాబోలు, పై దవడలో పాత పన్ను ఒకటి విరిగింది. ఊళ్ళో ఇంకా పళ్ళ డాక్టర్లు ఉన్నారు. దగ్గర కాబట్టి ఆవిడ దగ్గరికే వెళ్ళాను.

జీవితంలో నా నోరు ఇంతసేపు ఇంకొకరి అధీనంలో ఉండటం ఇదే మొదటిసారి. దూది, గొట్టం, అద్దం, ఆవిడ రెండు వేళ్ళు.

"ఎలా విరిగింది అమ్మగారూ?"

"అఁ."

"ఏడో ఆల్బమా?"

"..."

"నాకూ విరిగింది. ఇక్కడే." మాస్కు కిందికి లాగి చూపించింది. నిజమే.

తర్వాత పని చేస్తూ తనే మాట్లాడింది. "మీ ఇంటికి వస్తే మనసు తేలికగా ఉంటుందండీ. మీరు వద్దంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది, మీ అబ్బాయి చెప్పే ఉంటారు. ఆదివారాలు కూడా రాను, అందరికీ ఇబ్బంది. కానీ ఒక్కటి. మీ మనసు గెలవడానికి కొత్తావిడ గురించి నా మాట మార్చుకోమంటే మార్చుకోను. కొంచెం గట్టిగా కొరకండి."

కొరికాను. ఆవిడ వేలి మీద కూడా కొంచెం పడింది. వేలు విదిలించి పని కొనసాగించింది.

ఉద్యోగంలో ఇలాంటివాళ్ళనే చూసి ముచ్చటపడేదాన్ని. తనిఖీ అధికారి ఎదురుగా ఉన్నా అంకె దిద్దనివాళ్ళు. అలాంటివాళ్ళు ఎక్కువమంది తగల్లేదు.

నేను ముచ్చటపడ్డానని దీని అర్థం కాదు.

మార్చి 24, ఆదివారం

సంఘం రాలేదు. వాదానికి ఎవరి ఇళ్ళల్లో వాళ్ళు కత్తులు నూరుకుంటున్నారు. మా వాడు ఇంట్లో ఉన్న ఏ ఒక్క చొక్కాకీ ఇస్త్రీ బాకీ లేకుండా చేసేశాడు.

పిడుగుని పిలిచాను. దానికి కీబోర్డు వాయించడం వచ్చు. "తొమ్మిదో ఆల్బం ఆఖరి పాటలో కొత్తావిడ ఒకచోట గొంతు పైకి ఎత్తుతుంది. 'ఆఖరి బస్సు'లో ఆ లైను ఎంత పైన ఉంది, ఇది ఎంత పైన ఉంది, మెట్లు చూసి చెప్పు" అన్నాను.

రెండు పాటలూ పెట్టుకుంది. ఒక మీట నొక్కింది. ఇంకోటి నొక్కింది. మళ్ళీ మొదటిది నొక్కింది. చెవులు ఎర్రబడ్డాయి.

"సరిగ్గా తెలియట్లేదు నానమ్మా."

"నీకా?"

"కీబోర్డు పాడైంది."

పాడైన కీబోర్డుని జాగ్రత్తగా గుడ్డ కప్పి పెట్టింది. పిల్ల వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"తేనెటీగలావిడ ఎప్పటికైనా తిరిగొస్తుంది. అప్పుడు ఆవిడ చోటు ఖాళీగా ఉండాలి కదా. ఎవరో ఒకరు ఉంచాలి కదా."

"ఆవిడ కొండల్లో సుఖంగా ఉందటే. రాదు."

"వస్తుందేమో అంటున్నా."

"రాదమ్మా."

దానికీ తెలుసు, నాకూ తెలుసు, మేం తేనెటీగల గురించి మాట్లాడటం లేదని. పిల్లను దగ్గరికి తీసుకోవాల్సింది. చేతులు పిండిగా ఉన్నాయి. పిండి చేతులతోనే తీసుకున్నాను.

మార్చి 28, గురువారం

తొమ్మిదో ఆల్బం మళ్ళీ. చీపురు పట్టుకుని నేను ఏం చేశానన్నది ఇక్కడ నమోదు చేయను. కిటికీ తెరిచి ఉందని తర్వాత చూశాను. ఎదురింటివాళ్ళు చెయ్యి ఊపారు.

మార్చి 31, ఆదివారం

అంతా వరసలో రాయాలి. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. ఉత్సాహం వల్ల కాదు, చాలాసేపు చప్పట్లు కొట్టడం వల్ల.

సంఘం ఇవాళ సకుటుంబంగా దిగింది. టైలరు భార్య, వాళ్ళ వదినగారు, డ్రైవింగ్ స్కూలాయన దగ్గర నేర్చుకుంటున్న ఇద్దరు. సోఫా నిండింది, మడత కుర్చీలు నిండాయి, నేల కూడా నిండింది. మా వాడు గోడకు ఆనుకుని, లిఫ్టు తలుపు తెరుచుకోవడం కోసం చూస్తున్నవాడిలా నిలబడ్డాడు. నేను మా పుట్టింటి బల్ల వెనక కూర్చున్నాను. పేము కుర్చీ ఒక్కటే ఖాళీ.

డాక్టరు ఆఖర్న వచ్చింది. టైలరు మర్యాదస్తుడు. "రండి, ఆ కుర్చీలో కూర్చోండి, శత్రువులైనా సరే" అన్నాడు.

"పర్లేదండీ, నిలబడతాను."

నిలబడింది.

టైలరు మొదలుపెట్టాడు. తన కోటు తనే తొడుక్కుని వచ్చాడు, చూపించడానికి. "కోటుకి గుండీలు మార్చొచ్చు. లైనింగు మార్చొచ్చు. అవసరమైతే చేతులు విప్పి కొత్తవి కుట్టొచ్చు. తుప్పులో గిటారాయన మారాడు, ఊరుకున్నాం. కీబోర్డాయన మూడుసార్లు వచ్చి మూడుసార్లు పోయాడు, అయినా ఊరుకున్నాం. కానీ కాలరు మారిస్తే అది ఇంకోడి కోటు. గొంతే కాలరు!" వాళ్ళావిడ చప్పట్లు కొట్టబోతే నేను చూశాను. ఆపేసింది.

డ్రైవింగ్ స్కూలాయన లేచాడు. "స్టీరింగు దగ్గర ఎవరైనా కూర్చోనీండి. మా స్కూలు బండిలో రెండో బ్రేకు ఉంటుంది, అది నా కాలి కింద. బండి గోడకి గుద్దకుండా ఉందంటే ఆ బ్రేకు వల్ల. తాతే ఆ బ్రేకు. తాత ఉన్నంతకాలం అది తుప్పే. ఆ ఒక్క దెబ్బ తప్పింది నిజమే మేడమ్, నేను వారం రోజులు నిద్రపోలేదు."

తర్వాత డాక్టరు. ఇంత వరకూ నిలబడే ఉంది. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మార్చుకుంటోంది. "నాకు తెలిసింది పళ్ళే. ఒక పన్ను పోతుంది. ఆ చోటు అలాగే వదిలేస్తే ఏమవుతుందో తెలుసా? ఖాళీ ఖాళీగా ఉండదు. రెండు పక్కల పళ్ళూ అందులోకి ఒరుగుతాయి. కొన్నేళ్ళకి నోరంతా వంకర. అందుకని అక్కడ ఇంకోటి పెడతాం. అది పాత పన్ను అని ఎవరూ అనరు, నేనూ అనను. అది చేసేది ఒక్కటే. పక్కవాటిని నిటారుగా నిలబెడుతుంది."

నేను పిడుగు వైపు చూశాను. అది నా వైపు చూసింది. ఆరేళ్ళుగా ఒకదాని మీద ఒకటి ఒరిగిన పళ్ళలాగా.

"అదంతా బాగుంది" అన్నాడు టైలరు. "ఆ లైను సంగతి చెప్పండి. అందదు కాబట్టే మైకు తిప్పుతోంది. దొంగతనం చేతకానివాడు దానధర్మాలు మాట్లాడినట్టు!"

"సాక్షిని పిలుస్తున్నాను" అన్నాను. "పిడుగూ, లే. పోయిన ఆదివారం కీబోర్డు పాడైందన్నావు. బాగుపడిందా?"

గది అంతా దాని వైపు తిరిగింది. ఆ పిల్ల ఒక్క మాటతో ఈ పెళ్ళి ఆపగలదు, అది దానికి తెలుసు. నేనూ చెవిటిదాన్ని కాదు, మెట్లు నాకూ వినబడ్డాయి. కానీ అది చెబితేనే తీర్పు. వాళ్ళ నాన్న గోడకు ఇంకొంచెం ఆనుకున్నాడు.

"బాగుపడింది" అంది.

"అయితే చెప్పు."

"అందుతుంది." వాళ్ళ నాన్న వైపు చూడకుండా అంది. "కొత్తావిడకి ఆ లైను అందుతుంది. తొమ్మిదో ఆల్బంలో ఇంకా రెండు మెట్లు పైకి వెళ్ళింది. నేను నాలుగుసార్లు చూశాను. అందదు అని తేలితే బాగుండుననుకున్నా. కానీ అందుతుంది."

టైలరు కోటు గుండీ ఒకటి విప్పుకున్నాడు. "మరి అందితే... ఇన్నేళ్ళూ ఎందుకు పాడలేదు?"

డాక్టరు కుడికాలి మీంచి ఎడమకాలి మీదకు మారింది. పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, పేము కుర్చీ.

అప్పుడు చూశాను. రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను, అప్పుడు చూశాను. మొదటి రోజే ఈ పుస్తకంలో లోపాల కింద రాసి పెట్టాను కూడా.

పిడుగు నాకన్నా చురుకు. అది అప్పటికే అడుగుతోంది. "ఆంటీ, మీకు కాళ్ళు నొప్పెట్టట్లేదా?"

"పెడుతున్నాయమ్మా. బాగా."

"మరి కూర్చోవచ్చుగా. కుర్చీ ఉందిగా."

డాక్టరు ఎప్పుడూ మాటలకు తడుముకోదు. ఇప్పుడు తడుముకుంది. "అందరూ కూర్చోవచ్చు. నేను... నేను కూర్చుంటే వేరేగా ఉంటుంది కదా."

పిడుగు వంటింట్లోకి వెళ్ళింది. నా స్టూలు, నేను కూర్చుని కూరలు తరిగే స్టూలు, ఈడ్చుకుంటూ తెచ్చింది. రికార్డు ప్లేయరుకి రెండో పక్కన పెట్టింది. "ఇక్కడ కూర్చోండి" అంది. డాక్టరు కూర్చుంది. ముక్కు తుడుచుకుంది. "కానీ ఆరో ఆల్బం మాత్రం చెత్త" అంది పిడుగు.

"ఆరో ఆల్బం చెత్తే" అని డాక్టరు ఒప్పుకుంది. రెండేళ్ళలో మొదటిసారి.

తీర్పు నిలబడి చదివాను. కాగితంలో రాసుకున్నది వేరే, చదివింది వేరే.

"అందక వదిలెయ్యడం ఒకటి, అంది కూడా వదిలెయ్యడం ఒకటి. ఈ రెండిటినీ ఒకే పద్దులో వేసిన టైలరు గారి లెక్క తప్పు. కొత్త సంవత్సరం పుస్తకం తెరిచేటప్పుడు పాత పుస్తకంలో మిగిలిన నిల్వే మొదటి లైనుగా రాస్తాం. ఆ లైను ఉంటే అది పాత పుస్తకానికి కొనసాగింపు. కొత్తావిడ ప్రతి కచేరీలోనూ ఆ లైను దాని యజమానికి ఉంచి, జనం చేత పాడించి, అక్కణ్ణుంచి తన పాట మొదలుపెట్టింది. కాబట్టి తొమ్మిది ఆల్బాలూ తుప్పే. ఆరోది ఒక్కటి తుక్కు."

ఆ తర్వాత నియమాలన్నీ గాలికి పోయాయి. బల్ల గుద్దారు. టైలరు నా చేతులు పట్టుకుని, "ఓడిపోయాను మేడమ్, ఎంత హాయిగా ఉందో!" అన్నాడు. డ్రైవింగ్ స్కూలాయన రెండు కాళ్ళతోనూ బ్రేకులు తొక్కాడు. పిడుగు తొమ్మిదో ఆల్బం పెట్టింది, గ్లాసులు పాడాయి. మా వాడు గోడను వదిలాడు. లిఫ్టు మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చి నా ముందు దిగింది.

"అమ్మా, అంటే..."

"పాట గురించి తీర్పు చెప్పాను. పెళ్ళి గురించి నీ కూతురు షరతు పెట్టింది, నేను కాదు. నన్నెందుకు అడుగుతావు?"

"నువ్వూ సరేనంటేనే అన్నాను కదా."

నేను డాక్టరు వైపు తిరిగాను. "ఏం అమ్మాయ్, ఆ స్టూలు ఎత్తు సరిపోయిందా నీకు?"

'మీరు' పోయి 'నువ్వు' ఎప్పుడు వచ్చిందో నేను చూసుకోలేదు. ఆమె చూసుకుంది.

నేను తల ఊపుతూ గంతులు వేశానని టైలరు అంటున్నాడు. సాక్ష్యం లేదు. (అమ్మాయి ఫోనులో వీడియో ఉందట.)

ఏప్రిల్ 1, సోమవారం

ఇకమీదట జరగాల్సినవి:

1. కుర్చీ ఒకటి కొనాలి. పేముది కాదు, చేతులున్నది. పిడుగు ఎంచుతుంది, డాక్టరు కూర్చుని చూస్తుంది, మా వాడు మోస్తాడు.

2. పేము కుర్చీ ఉన్నచోటే ఉంటుంది. ఎవరైనా కూర్చోవచ్చు. ఇది నేను అందులో కూర్చునే రాస్తున్నాను. ఎత్తు సరిగ్గానే ఉంది.

3. పెళ్ళి ఏ వారమైనా పెట్టుకోవచ్చు, ఆదివారం తప్ప. ఆదివారం సంఘం ఉంది.

4. పిడుగు ఆమెను ఆంటీ అనే పిలుస్తుందట. అది దాని ఇష్టం, ఎవరూ బలవంతం చేయకూడదు. "కొత్త" అన్న మాట మాత్రం ఈ ఇంట్లో ఎవరికీ ఏడాది దాటి వాడకూడదు.

5. ఉప్పు డబ్బా ఎక్కడుందో అమ్మాయికి మొదటి రోజే చూపించాలి. నేనే చూపించాలి.

6. బ్యానరు టైలరే కుట్టాలి. ఓడినవాళ్ళకు చేతిలో పని ఉండాలి.

7. కచేరీకి అందరం వెళ్తున్నాం. చెవుల్లో పెట్టుకోవడానికి దూది కావలసినవాళ్ళు ముందే చెప్పాలి. నాకు అక్కర్లేదు.

8. 'ఆఖరి బస్సు' చివర్లో కొత్తావిడ మైకు మా వైపు తిప్పినప్పుడు ఆ లైను పాడాల్సింది పిడుగు. దానికి గొంతు పెగలకపోతే వాళ్ళ నాన్న. వాడు మధ్య అంతస్తులో ఆగిపోతాడు, తెలుసు. అప్పుడు అమ్మాయి పాడొచ్చు, పిడుగే అడిగితే. ఎవరూ పాడకపోతే నేనే పాడతాను. నాకు అందదు. అయినా పాడతాను.